మేకపెంటికల్లాంటి దుంపలు, పట్టులాంటి పూలు: అనిమోనీ పెంపకం మీద ఒక ప్రసంగం

నమస్కారం. అందరూ కూర్చోండి. వెనక నిలబడ్డవాళ్ళు కూడా ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. ఈ గాజు గ్లాసులో గోరువెచ్చని నీళ్ళున్నాయి. ఇందులో ఐదు దుంపలు వేస్తున్నాను. నేను మాట్లాడినంతసేపూ ఇవి నానుతుంటాయి, చివర్లో తీసి చూద్దాం. ఇంకో ఐదు పొడివి మీ మధ్య తిప్పుతున్నాను, చేతిలోకి తీసుకుని చూడండి. నవ్వుతున్నారు కదా? మొదటిసారి పొట్లం విప్పినప్పుడు నేనూ అలాగే నవ్వాను. నవ్వడం కాదు, నిజం చెప్పాలంటే మోసపోయానేమో అనుకున్నాను. నల్లగా, ముడతలు పడి, రాయిలా గట్టిగా, ఎండిన మేకపెంటికల్లా ఉన్నాయి. పొట్లం మీద బొమ్మలో మాత్రం ఎర్రగా, నీలంగా, పట్టుగుడ్డ కత్తిరించి అతికించినట్టు పూలు. ఈ రెండింటికీ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు.

దీని పేరు ఒక్కొక్కరు ఒక్కోలా పలుకుతారు. అనిమోన్ అంటారు, అనెమొనీ అంటారు. నాకు అనిమోనీ అలవాటైంది. ఎలా పిలిచినా దుంపకి వినబడదు కాబట్టి గొడవ లేదు. గ్రీకులో గాలిని ‘అనెమోస్’ అంటారు, పేరు అక్కణ్ణించి వచ్చింది. గాలి వీస్తే తప్ప ఈ పువ్వు విచ్చుకోదని మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అది నిజం కాదు. వెలుతురు, వెచ్చదనం తగిలితే విచ్చుకుంటుంది, సాయంత్రం మళ్ళీ ముడుచుకుంటుంది. గాలితో అసలైన పని గింజలకి ఉంది. వాటికి దూదిలాంటి నూగు ఉంటుంది, ఆ నూగుతోనే ఎగిరిపోతాయి.

పొట్లాల మీద ‘బల్బు’ అని ఉంటుంది. తోటమాలులు ‘కార్మ్’ అంటారు, అంటే ఉబ్బిన కాండపు మొదలు. నిజానికి ఇది రెండూ కాదు. తులిప్ గడ్డని కోస్తే లోపల పొరలు పొరలుగా కనబడుతుంది, అది బల్బు. దీన్ని కోస్తే పొరలేమీ ఉండవు, లోపలంతా ఒకే ముద్ద. ఇది దుంప. మనకు ఆ తేడా ఎందుకంటే, తులిప్ గడ్డకి పై తొక్క రక్షణగా ఉంటుంది, దీనికి అదేమీ లేదు. ఎండితే రాయిలా ఎండుతుంది, తడిస్తే స్పాంజిలా పీలుస్తుంది. దీనితో మనం పడే కష్టాలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది అసలు ఒక్కటే విషయం. ఈ మొక్క పుట్టిన చోట ఏడాది ఎలా గడుస్తుందో తెలిస్తే, ఎన్ని సెంటీమీటర్లు, ఎన్ని రోజులు అని బట్టీపట్టాల్సిన పని పెద్దగా ఉండదు.

మనం కుండీల్లో, మడుల్లో ఎక్కువగా పెంచేది అనిమోనీ కరోనేరియా. దాని పుట్టిల్లు మధ్యధరా సముద్రం చుట్టుపక్కల నేలలు. అక్కడ వేసవంతా చుక్క వాన ఉండదు, నేల నెర్రెలిచ్చి ఉంటుంది. దుంప మట్టిలో ఎండి ముడుచుకుని పడుంటుంది. ఎండలు తగ్గాక తొలి వానలు పడతాయి, మట్టి చల్లబడుతుంది. అప్పుడు దుంప నీళ్ళు తాగి ఉబ్బుతుంది, వేర్లు వేస్తుంది, ఆకు తీస్తుంది. శీతాకాలం నడుస్తుండగానే పూత మొదలై వసంతం దాకా సాగుతుంది. ఎండలు ముదరగానే ఆకు పసుపు తిరుగుతుంది, గింజలు గాలికి వదిలేసి దుంప మళ్ళీ నిద్రపోతుంది. ఇజ్రాయెల్ దక్షిణాన నెగెవ్ ప్రాంతంలో శీతాకాలం చివర మైళ్ళ కొద్దీ నేల ఈ పూలతో ఎర్రగా మారుతుంది, జనం వాటిని చూడ్డానికే వెళతారు. 2013లో అక్కడ దీన్ని జాతీయ పుష్పంగా కూడా ఎన్నుకున్నారు.

అంటే దీనికి చల్లటి తడికాలం ఒకటి కావాలి, వెచ్చటి పొడికాలం ఒకటి కావాలి. ఈ రెండూ తారుమారై వెచ్చగా తడిగా ఉంటే దుంప కుళ్ళిపోతుంది. అంతే. నేను చంపిన ప్రతి అనిమోనీనీ అలాగే చంపాను.

మొదటి ఏడాది సంగతి చెబుతాను. నానబెట్టమన్నారు కదా అని ఒక గిన్నెలో వేసి మర్చిపోయాను. రెండు రోజుల తర్వాత గుర్తొచ్చింది. నీళ్ళు గోధుమరంగులోకి మారాయి, మూత తీస్తే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. దుంప పట్టుకుంటే వేళ్ళ మధ్య మెత్తగా నలిగింది. ఇరవై దుంపలు పోయాయి. నానబెట్టడానికి మూడు నాలుగు గంటలు చాలండి. పొద్దున వేస్తే మధ్యాహ్నానికి తీసేయండి. రాత్రంతా ఉంచేవాళ్ళూ ఉన్నారు, ఆ తర్వాత ఒక్క గంట కూడా ఉంచకండి. నీళ్ళలో మునిగిన దుంపకి గాలి ఆడదు. వీలైతే మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చండి.

నానబెట్టకుండా నాటకూడదా అని అడుగుతారు. నాటొచ్చు. కాకపోతే ఎండు దుంప మట్టిలోని తడిని మెల్లగా పీల్చుకోవాలి కాబట్టి ఆలస్యం అవుతుంది, అన్నీ ఒకేసారి మొలవవు. నానబెట్టడంలో ఇంకో లాభం ఉంది. పనికిరానివి అప్పుడే బయటపడతాయి. ఒకసారి కొన్న పొట్లంలో సగానికి సగం లోపల గుల్ల. పొడిగా ఉన్నప్పుడు తెలియలేదు. నానాక చూస్తే మంచివి ఉబ్బి బిగువుగా ఉన్నాయి, గుల్లవి నొక్కితే లొత్త పడ్డాయి. మట్టిలో పెట్టి నెల రోజులు ఎదురుచూసి తెలుసుకోవడం కంటే నయం కదా.

అవును, కొనేటప్పుడు సైజు చూడండి. 5/6, 6/7, 7/8 అని అంకెలుంటాయి. అది దుంప చుట్టుకొలత, సెంటీమీటర్లలో. పెద్ద దుంపకి ఎక్కువ పూలు వస్తాయి. డబ్బు తక్కువ పెట్టి పెద్ద పొట్లం కొన్నామని సంబరపడేలోపు అందులో అన్నీ 4/5లు ఉంటాయి.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. ఏ వైపు పైకి?

మీ చేతిలో ఉన్న దుంపని తిప్పి చూడండి. ఒక పక్క కాస్త బల్లపరుపుగా ఉందా? అక్కడ పాత కాడ ఊడిన గుండ్రటి మచ్చ, కొంచెం ఎండు నూగు కనబడొచ్చు. అది పైభాగం. ఇంకో పక్క కొనదేలి ఉంటుంది, కొన్నిటికి పళ్ళ వేర్లలా రెండు మూడు కొనలు ఉంటాయి. అది కిందికి. చాలామంది దీన్ని తలకిందులుగా పెడతారు, కొనదేలిన వైపు మొలక అనుకుని. చూడ్డానికి అలాగే ఉంటుంది మరి. నానాక ఇంకా తేలిగ్గా తెలుస్తుంది, పైభాగంలో మొటిమల్లా చిన్న చిన్న మొగ్గలు ఉబ్బుతాయి. అప్పటికీ అర్థం కాలేదనుకోండి, టెన్షన్ పడొద్దు. పక్కకి పడుకోబెట్టండి. మొలక తన దారి తాను వెతుక్కుంటుంది, వేరు తన దారి తాను వెతుక్కుంటుంది. తలకిందులుగా పెట్టినా చాలావరకు వంపు తిరిగి పైకొస్తుంది, కాకపోతే దానికి పాపం అనవసరంగా తిప్పలు.

లోతు 5 సెంటీమీటర్లు. దుంపకీ దుంపకీ మధ్య 10 నుంచి 15 సెంటీమీటర్లు.

ఎప్పుడు నాటాలి? నెల పేరు చెప్పను, ఎందుకంటే మీ ఇంటి వాతావరణం మీకు తెలుసు, నాకు తెలియదు. దాని పుట్టింటి లెక్క పట్టుకోండి. మట్టి చల్లబడాలి. శీతాకాలం ఓ మోస్తరుగా ఉండే చోట శరదృతువులో నాటాలి. నేల గడ్డకట్టేంత చలి ఉన్న చోట చలి తగ్గి వసంతం మొదలవగానే నాటాలి. చలి సరిగ్గా రాని చోట, రాత్రులు 15 డిగ్రీల కిందికి దిగడం మొదలైనప్పుడు నాటి, దొరికినన్ని చల్లటి వారాలు వాడుకోవాలి. పగలు 13 నుంచి 18 డిగ్రీలు, రాత్రి 5 నుంచి 10 డిగ్రీలు ఉంటే దీనికి పండగే. నాటిన దగ్గర్నించి పువ్వు చూడ్డానికి దాదాపు మూడు నెలలు పడుతుంది కాబట్టి, ఎండలు ఎప్పుడు ముదురుతాయో చూసుకుని అక్కణ్ణించి వెనక్కి లెక్కపెట్టండి.

ఏంటమ్మా? ఆ, ముందే మొలకెత్తించి నాటొచ్చా అని అడుగుతున్నారు. నాటొచ్చు, నేనిప్పుడు అదే చేస్తున్నాను. ఒక ట్రేలో రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు పాటింగ్ మిక్స్ పోయండి. తడిగా ఉండాలి గానీ పిడికిట్లో పిండితే నీళ్ళు కారకూడదు. నానిన దుంపలు పరిచి, పైన ఇంకొంచెం మిక్స్ కప్పి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా చీకటిగా ఉండే మూలలో పెట్టండి. 10 నుంచి 13 డిగ్రీలు ఉంటే మంచిది. పది పదిహేను రోజుల్లో కింద తెల్లటి వేర్లు దారాల్లా వస్తాయి. అప్పుడు తీసి నాటుకోవాలి. వారానికి ఒకసారి పై మట్టి పక్కకి జరిపి చూడండి, బూజు పట్టినవి, మెత్తబడినవి తీసి పారేయండి. ఒక్కటి కుళ్ళితే పక్కవాటికి అంటుకుంటుంది. వారానికి ఒకసారి అన్నాను, గుర్తుంచుకోండి. నేను మొదట్లో రోజుకి రెండుసార్లు కెలికేదాన్ని, వచ్చిన వేర్లు వచ్చినట్టు తెంపేసుకున్నాను.

మట్టి గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. నీళ్ళు పోస్తే నిలవకూడదు. బంకమట్టి అయితే ఇసుక, కంపోస్ట్ కలిపి మడిని కాస్త ఎత్తు చేయండి. పచ్చి ఎరువు మాత్రం వేయొద్దు. నత్రజని ఎక్కువైతే ఆకు గుబురుగా వస్తుంది, పువ్వు మొహం చూపించదు.

కుండీ అయితే 25 సెంటీమీటర్ల వెడల్పున్న దానిలో ఐదారు దుంపలు పడతాయి. వేర్లు బాగా కిందికి పోతాయి కాబట్టి కుండీ లోతుగా ఉండాలి. కింద పెట్టే పళ్ళెంలో నీళ్ళు నిలిస్తే వెంటనే పారబోయండి.

ఇక నీళ్ళు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. నాటగానే ఒకసారి బాగా తడపండి. ఆ తర్వాత మొలక కనబడేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఇది చాలా కష్టం. ఖాళీ కుండీని చూస్తే మన చెయ్యి ఊరుకోదు. పక్క కుండీలో గులాబీకి పోస్తూ దీనికీ ఒక చెంబు పోస్తాం. ఆకు లేని దుంపకి అన్ని నీళ్ళు అక్కర్లేదు, వాటిలో నానుతూ ఉంటుంది. వేలు మట్టిలోకి ఒక కణుపు లోతు దించి చూడండి. చల్లగా, తడిగా తగిలితే పోయొద్దు. పూర్తిగా పొడిగా ఉంటేనే కొంచెం పోయండి. ఆకులొచ్చాక కథ మారిపోతుంది. బంతి ఆకులా చీలికలు చీలికలుగా పచ్చటి ఆకులు వస్తాయి. అప్పటినుంచి పూత అయ్యేదాకా మట్టి ఎండకూడదు. మొగ్గ దశలో నీళ్ళు తక్కువైతే కాడలు పొట్టివైపోతాయి. పోసేటప్పుడు మొక్క మొదట్లో పోయండి, ఆకుల మీద కాదు, అదీ పొద్దున పూట.

ఎండ బాగా తగలాలి. మీకు మధ్యాహ్నం ఎండ తీవ్రంగా ఉంటే ఆ పూట మాత్రం నీడ పట్టండి, పూత ఇంకొన్నాళ్ళు ఎక్కువ నిలుస్తుంది.

రకాల మాట. కరోనేరియాలో రెండు వంశాలు ఎక్కువగా దొరుకుతాయి. ‘డి కాన్’ అనేవి ఒంటిరెక్క పూలు, ఫ్రాన్స్‌లోని కాన్ ఊరి పేరు. వీటిలో తెల్లది ‘ది బ్రైడ్’, ఎర్రది ‘హాలండియా’, ఊదా కలిసిన నీలం ‘మిస్టర్ ఫొకర్’. రెండోది ‘సెయింట్ బ్రిజిడ్’, ముద్దపూలు, ఐర్లాండ్‌లో తయారైన వంశం. ‘లార్డ్ లెఫ్టినెంట్’, ‘ది అడ్మిరల్’ లాంటి బిరుదుల పేర్లు వీటికి పెట్టారు, ఎందుకో మరి. నా ఓటు ఒంటిరెక్కకే. మధ్యలో ఆ నల్లటి గుండ్రం, చుట్టూ నీలినల్లని కేసరాలు, ముద్దపువ్వులో అవి రేకుల మధ్య కలిసిపోయి కనబడవు. పసుపు రంగు ఎక్కడైనా చూశారా? కరోనేరియాలో పసుపు రాదు.

ఇంకోటి అనిమోనీ బ్లాండా. జానెడు ఎత్తు కూడా ఉండదు, చిన్న డైసీ పువ్వులా ఉంటుంది. ఆకురాల్చే చెట్ల కింద సగం నీడలో సంతోషంగా ఉంటుంది, గట్టి చలికి కూడా ఓర్చుకుంటుంది. ఒకచోట స్థిరపడితే ఏళ్ళ తరబడి అదే పాకుతుంది, తవ్వి తీయక్కర్లేదు. జపనీస్ అనిమోనీ అని మరొకటి ఉంది, అది దుంప మొక్క కాదు, వేర్లతో పెరుగుతుంది, శరదృతువులో పూస్తుంది. పేరు ఒకటే అని దానికి చెప్పిన జాగ్రత్తలు దీనికి చేస్తే రెండూ చెడతాయి.

పువ్వు దగ్గరికి వద్దాం. ఇక్కడ చిన్న చమత్కారం ఉంది. మనం రేకులు అనుకునేవి అసలు రేకులు కావు, మొగ్గని కప్పి ఉంచే రక్షక పత్రాలే రంగు వేసుకుని వచ్చాయి. ఈ పువ్వులో తేనె కూడా ఉండదు, పుప్పొడి మాత్రమే. దాని సొంత నేల మీద ఎర్ర పూల దగ్గరికి ఒక రకం పెంకు పురుగులు వస్తాయి, పుప్పొడి తింటూ పూల మధ్య తిరుగుతాయి.

మొగ్గ కింద చూడండి, చీలికల ఆకులు మూడు కలిసి మెడచుట్టూ కాలరులా ఉంటాయి. మొగ్గ చిన్నగా ఉన్నప్పుడు ఆ కాలరులోనే కూర్చుని ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ కాలరుకీ పువ్వుకీ మధ్య కాడ సాగుతుంది. ఆ ఎడం ఒక వేలి మందం అయినప్పుడు కోయాలి. అంతకంటే ముందు కోస్తే జాడీలో పూర్తిగా విచ్చుకోదు, ఆలస్యం చేస్తే రెండు రోజుల్లో రేకులు రాలుస్తుంది. సరైన వేళకి కోస్తే వారం నుంచి పది రోజులు ఉంటుంది. కోశాక కూడా కాడ పెరుగుతూనే ఉంటుంది, వెలుతురు వైపు వంగుతుంది. పొద్దున నిటారుగా సర్ది పెట్టిన పూలు సాయంత్రానికి తలో దిక్కు చూస్తుంటాయి. దాన్ని సరిచేయడానికి ప్రయత్నించకండి, అలాగే బాగుంటుంది. డాఫొడిల్స్‌తో కలిపి ఒకే జాడీలో పెట్టొద్దు, వాటి జిగురు వీటి ఆయుష్షు తగ్గిస్తుంది. మొక్క మీద వాడిన పూలు మొదలంటా కత్తిరిస్తుంటే కొత్త మొగ్గలు వస్తుంటాయి. బాగా కుదిరితే ఒక్క దుంప నుంచి పదికి పైగా పూలు చూస్తారు.

పురుగులు, తెగుళ్ళు ఉన్నాయి. పేనుబంకని నీళ్ళ ధారతో కడిగేయొచ్చు. నత్తలు లేత మొలకల్ని రాత్రికి రాత్రి నున్నగా గీకేస్తాయి, టార్చి పట్టుకుని ఏరడమే. బూడిద తెగులు, బూజు తెగులు మొక్కలు ఒత్తుగా ఉండి గాలి ఆడనప్పుడు వస్తాయి. ఒకటి మాత్రం విడిగా చెప్పాలి. ఆకు అడుగున పసుపుగా చిన్న గిన్నెల్లాంటి బుడిపెలు వచ్చి, ఆకులు మందంగా నిలబడిపోయి పూలు రావడం మానేస్తే అది తుప్పు తెగులు. ఆ ఫంగస్ సగం జీవితం అనిమోనీ మీద, సగం జీవితం ప్లమ్, పీచ్ జాతి చెట్ల మీద గడుపుతుంది. అది పట్టిన మొక్కని దుంపతో సహా తీసేయాలి, మందు కొడుతూ కూర్చుంటే లాభం లేదు. అలాగే ఒకే మడిలో ఏటా ఇవే నాటకండి, రెండు మూడేళ్ళు వేరే చోటికి మార్చండి.

పూత అయిపోయాక ఆకులు పసుపు తిరుగుతాయి. చూసేవాళ్ళకి చచ్చిపోతున్నట్టు ఉంటుంది. ఇక్కడే నా మూడో తప్పు. అయ్యో పాపం అని నీళ్ళు ఇంకా ఎక్కువ పోశాను. నిద్రకి పడుకున్న వాణ్ణి లేపి తిండి పెట్టినట్టు. ఆకు పసుపు కనబడగానే నీళ్ళు తగ్గించి, తర్వాత పూర్తిగా ఆపేయాలి. పచ్చగా ఉన్న ఆకు మాత్రం కోయొద్దు, దుంపకి వచ్చే ఏడాది బలం అక్కణ్ణించే వెళ్ళాలి. ఆకు పూర్తిగా ఎండాక తవ్వి తీసి, మట్టి దులిపి, నీడలో గాలికి ఆరబెట్టి, కాగితం సంచిలో వేసి పొడి చోట దాచండి. ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. మీకు వేసవి పొడిగా ఉంటే మడిలోనే వదిలేయొచ్చు. వేసవిలో వానలు పడే చోట తీయక తప్పదు. వేడీ తేమా రెండూ ఎక్కువగా ఉండే చోట, ఎంత జాగ్రత్తగా దాచినా రెండో ఏడాది సగం కూడా లేవవు. అలాంటి చోట ఏటా కొత్త దుంపలు తెచ్చుకుని ఒక్క సీజన్ మొక్క అనుకోవడం మేలు. దానిలో చిన్నతనం ఏమీ లేదు.

వెనక వరసలో తమ్ముడు చెయ్యెత్తాడు. ఇంట్లో కుక్కపిల్ల ఉందా? అయితే జాగ్రత్త. ఇది విషపు మొక్కే. కాడ విరిగినప్పుడు వచ్చే రసం చర్మానికి తగిలితే కొందరికి మంట, దద్దుర్లు వస్తాయి. కడుపులోకి పోతే నోరు మండుతుంది, వాంతులవుతాయి. కుక్కలకీ పిల్లులకీ అందని చోట పెట్టండి. నానబెట్టిన గిన్నె కూడా నేల మీద వదలొద్దు. మీరు కోసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి.

సరే, గ్లాసు చూద్దాం. ముప్పావు గంట అయింది. ఇదిగో, పైన ముడతలు కొంచెం విప్పుకున్నాయి, గోరుతో నొక్కితే ఇంకా గట్టిగానే ఉంది. ఇప్పుడు ఈ రెండో డబ్బా చూడండి, ఇవి పొద్దున ఇంటి దగ్గర నాలుగు గంటలు నానబెట్టి తీసినవి. దాదాపు రెట్టింపు అయ్యాయి. ఈ మచ్చ పక్కన లేతగా ఉబ్బినవి కనబడుతున్నాయా? అవే మొగ్గలు. గ్లాసులోవి ఇంకో మూడు గంటలు ఉండాలి, వాటిని నేను తీసుకెళతాను. డబ్బాలో ఉన్నవి తలో రెండు పట్టుకెళ్ళండి, కాగితంలో చుట్టుకోండి, రేపటికల్లా మట్టిలో పెట్టేయండి. వెళ్ళేముందు చేతులు కడుక్కోండి, కుళాయి ఆ పక్కన ఉంది.